17 నుంచి 12కి: మోడిఫై చేసిన ఒక స్విఫ్ట్ పెట్రోలు లెక్క

బండి 2018 మోడల్ మారుతి స్విఫ్ట్ వీఎక్స్ఐ. పెట్రోలు, మాన్యువల్ గేరు, బీఎస్–4, 1197 సీసీ కే12ఎం ఇంజిన్, 83 హార్స్‌పవర్. ఓనరు ఏలూరు కుర్రాడు, ఉద్యోగం విజయవాడలో. నేషనల్ హైవే 16 మీద రోజూ రానూపోనూ 120 కిలోమీటర్లు తిరుగుతాడు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న కొత్తలో లీటరుకు 17.5 వచ్చేదట. ఆటోనగర్‌లో మా షెడ్డుకు తెచ్చేనాటికి 12.8కి దిగింది. "అన్నా, అల్లాయ్స్ వేశాకే పడిపోయిందని అందరూ అంటున్నారు. తీసేయమంటావా?" అని అడిగాడు.

అల్లాయ్స్ ఒక్కటే కాదు, బండికి చాలానే చేయించాడు. 14 అంగుళాల ఇనుప చక్రాలు పోయి 16 అంగుళాల అల్లాయ్స్, వాటికి 205/55 ఆర్16 స్పోర్ట్ టైర్లు. లోయరింగ్ స్ప్రింగులు వేసి బండిని కిందికి దించాడు. ఇంజిన్ నుంచి పొగను బయటికి తెచ్చే నాలుగు పైపుల హెడర్, దాని వెనక పొగకు అడ్డు తగ్గించిన ఫ్రీ ఫ్లో సైలెన్సర్. ఫ్యాక్టరీ ఎయిర్ బాక్సు తీసేసి ఓపెన్ కోన్ ఫిల్టర్. డిక్కీలో సబ్ వూఫర్, యాంప్లిఫయర్. అన్నీ ఒకేసారి, ఒకేచోట చేయించినవి కావు. ఏడాదిన్నరలో నాలుగైదు చేతులు పడ్డాయి. ఈ కేసులో అసలు చిక్కు అక్కడే ఉంది.

మోడిఫై చేసిన చిన్న కార్లు మైలేజీ పడిపోయిందని నా దగ్గరికి చాలా వస్తుంటాయి. ఎక్కువ సార్లు పెట్రోలు తాగేది మోడిఫికేషన్ కాదు. అది తెచ్చిపెట్టిన ఇబ్బందిని తప్పించుకోడానికి ఆ తర్వాత ఎవరో చేసిన రిపేరు. ఈ స్విఫ్ట్‌లో అది మరీ స్పష్టంగా కనపడింది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

12.8 నిజంగా 12.8 ఏనా?

మైలేజీ కంప్లైంట్ వస్తే నేను ముందు బానెట్ ఎత్తను. లెక్క ఎలా వేశావని అడుగుతాను. మీటరులో కనపడే సగటు అంకెను పట్టించుకోను. 500 రూపాయలకు కొట్టించి, ముల్లు ఎక్కడుందో చూసి వేసిన లెక్కనైతే అసలే వినను. ఫుల్ ట్యాంక్ టు ఫుల్ ట్యాంక్ ఒక్కటే నమ్మదగ్గది. అందులోనూ ఒకే బంకు, వీలైతే అదే గన్ను, మొదటిసారి 'టక్' మని ఆగగానే ఆపేయడం. "రౌండ్ ఫిగర్ చేయండి" అని ఇంకో అర లీటరు పోయించుకున్నారంటే లెక్క చెడినట్టే. అయిదు లీటర్ల మీద వేసిన లెక్కలో అర లీటరు తేడా అంటే పది శాతం. స్విఫ్ట్ ట్యాంకు 37 లీటర్లు. కనీసం పాతిక లీటర్లు కాలిన తర్వాత నింపితేనే అంకెకు విలువ.

అదృష్టం కొద్దీ ఈ కుర్రాడు ట్యాంకు నింపిన ప్రతిసారీ మీటరు ఫొటో తీసి పెట్టుకుంటాడు. డబ్బులు ఫోన్‌లోనే కడతాడు కాబట్టి ఏ రోజు ఎంత కొట్టించాడో రికార్డు ఉంది. పాతవీ కొత్తవీ కలిపి కూర్చోబెడితే 17.5, 12.8 రెండూ కాకిలెక్కలు కావని తేలింది. రూటు ఒకటే, లోడు ఒకటే, మనిషి ఒకడే.

అయినా ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. దానికి రెండు కారణాలు.

మొదటిది టైరు సైజు. ఈ మోడల్‌కు కంపెనీ ఇచ్చింది 165/80 ఆర్14. దాని బయటి వ్యాసం లెక్క వేస్తే 619.6 మిల్లీమీటర్లు. కొత్తగా వేసిన 205/55 ఆర్16 వ్యాసం 631.9. అంటే చక్రం రెండు శాతం పెద్దది. ఓడోమీటరు కిలోమీటర్లను కొలవదు, చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి పాత సైజుతో గుణిస్తుంది. బండి 102 కిలోమీటర్లు వెళ్తే మీటరు 100 అంటుంది. జీపీఎస్ పెట్టి హైవే మీద సరిచూస్తే తేడా సరిగ్గా అంతే వచ్చింది. కాబట్టి అతని 12.8 అసలు 13.05. పాపం, అల్లాయ్స్ మీద పడిన నిందలో కొంత ఉత్త లెక్క తప్పు.

రెండోది పెట్రోలు. 17.5 వచ్చిన రోజుల్లో బంకుల్లో దొరికింది పది శాతం ఇథనాల్ కలిసిన ఈ10. ఇప్పుడు దొరికేది ఈ20. ఒక లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి, లీటరు పెట్రోలులో ఉండేదానిలో మూడింట రెండొంతులే. ఈ10 నుంచి ఈ20కి మారితే లీటరుకు మూడున్నర శాతం దాకా శక్తి తగ్గుతుంది. పూర్తి పెట్రోలు కోసం తయారై, ఈ10కి ట్యూన్ చేసిన కార్లలో ఈ20 వాడితే మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే అంచనా వేసింది. ఆ మూడున్నర శాతం లెక్కనే వేసుకున్నా, ఈ బండిని ఎవరూ ముట్టుకోకపోయినా ఈ రోజు 16.9 దాకా వచ్చేది. 17.5 కోసం వెతకడం అనవసరం. పోయింది నాలుగు పాయింట్లకు కాస్త తక్కువ, దాన్ని పట్టుకోవాలి.

డెలివరీ రోజున షోరూమ్‌లో చెప్పే 22 సంగతి కూడా ఎత్తాడు. అది ల్యాబ్‌లో రోలర్ల మీద, 90 దాటని వేగంతో, ట్రాఫిక్ లేకుండా కొలిచే అంకె. ఒక కారును ఇంకో కారుతో పోల్చుకోడానికి పనికొస్తుంది, నెల బడ్జెట్ వేసుకోడానికి కాదు.

స్కానర్ చెప్పింది

బండి కంప్యూటర్ చెప్పేది చదవడానికి ఓబీడీ పోర్టులో స్కానర్ పెడదామంటే అక్కడ అప్పటికే ఒక 'మైలేజీ చిప్' గుచ్చి ఉంది. ఆన్‌లైన్‌లో కొన్నాడట. ఊడదీసి విప్పి చూపించాను. లోపల ఒక చిన్న ఐసీ, రంగురంగుల లైట్లు, ఒక బటన్. ఈసీయూతో, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌తో, మాట్లాడాల్సిన డేటా పిన్నులకు లోపల వైరే లేదు. కరెంటు పిన్నుల నుంచి కరెంటు తీసుకుని లైట్లు వెలిగించడమే దాని ఉద్యోగం. నవ్వుకుని చెత్తబుట్టలో పడేశాడు.

స్కానర్‌తో బండిని హనుమాన్ జంక్షన్ దాకా తీసుకెళ్లి వచ్చాం. రెండు రీడింగులు తేడాగా కనపడ్డాయి.

కూలెంట్ టెంపరేచర్ ఒకటి. హైవే మీద 80లో, ఏసీ వేసుకుని వెళ్తుంటే 64 డిగ్రీలు చూపిస్తోంది. ఎండాకాలం బెజవాడలో, అరగంట నడిచిన ఇంజిన్ 64 ఏమిటి? 80 పైన నిలకడగా ఉండాలి. థర్మోస్టాట్ వాల్వు తెరుచుకుని ఇరుక్కుపోయి ఉండాలి, లేదా అసలు లేకపోయి ఉండాలి.

రెండోది ఫ్యూయల్ ట్రిమ్. కంపెనీ రాసిపెట్టిన లెక్క కంటే ఈసీయూ తనంతట తాను ఎంత పెట్రోలు ఎక్కువ పోస్తోందో, ఎంత తగ్గిస్తోందో చెప్పే శాతం ఇది. ఈ బండిలో లాంగ్ టర్మ్ ట్రిమ్ ఐడిల్‌లో ప్లస్ 17, హైవే మీద ప్లస్ 12 చుట్టూ ఉంది. ఇక్కడ కొత్తగా నేర్చుకునే కుర్రాళ్లకు ఒక మాట. ఈ20 వచ్చాక పాత బండ్లలో ట్రిమ్ కొంచెం ప్లస్‌లో ఉండటం మామూలే. ఇథనాల్ ఎక్కువైతే అంతే గాలికి ఎక్కువ ఇంధనం కావాలి కాబట్టి ఈసీయూ కలుపుకుంటుంది. మా షెడ్డుకు వచ్చే, ఏ మార్పూ చేయని స్టాక్ స్విఫ్టుల్లో ప్లస్ 4, 5 కనపడుతోంది, దానికి కంగారు పడక్కర్లేదు. 17 మాత్రం వేరే రోగం.

థర్మోస్టాట్ కథ

హౌసింగ్ విప్పితే ఊహించినట్టే ఖాళీ. వాల్వు లేదు. కుర్రాడిని అడిగితే గుర్తు తెచ్చుకున్నాడు. హెడర్ వేయించిన రెండు నెలలకు బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో టెంపరేచర్ లైటు ఎర్రగా వెలిగిందట. దగ్గర్లో ఉన్న మెకానిక్ వాల్వు పీకేసి, "ఇక జన్మలో హీటెక్కదు" అని చెప్పి పంపాడు. అదే ఊపులో, హెడర్ వేడికి పలచని ఆయిల్ ఆగదంటూ చిక్కటి 20డబ్ల్యూ–50 పోశాడు.

వాల్వు తీసేయడం మన దగ్గర పాత అంబాసిడర్, డీజిల్ జీపుల కాలం నుంచి వస్తున్న వైద్యం. ఆ బండ్లలో ఏమో గానీ ఇంజెక్షన్ పెట్రోలు ఇంజిన్‌కు అది సరిపడదు. వాల్వు పని ఇంజిన్‌ను చల్లబరచడం కాదు, చల్లబడిపోకుండా పట్టి ఉంచడం. అది లేకపోతే హైవే మీద ఎదురుగాలికి రేడియేటర్ ఎప్పుడూ ఇంజిన్‌ను అవసరానికి మించి చల్లారుస్తూనే ఉంటుంది. ఇంజిన్ ఇంకా పూర్తిగా వేడెక్కలేదని ఈసీయూ అనుకుంటుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా కాస్త ఎక్కువ పోస్తుంది, ఐడిల్ కొంచెం పైనే ఉంచుతుంది. సిలిండర్ గోడలు చల్లగా ఉంటే మండిన వేడిలో ఎక్కువ భాగం పిస్టన్‌ను నెట్టకుండా గోడల్లోకి పోతుంది. దానికి తోడు ఆ చల్లని ఇంజిన్‌లో 20డబ్ల్యూ–50. ఎండకు ఆయిల్ పలచబడుతుందిలే అనుకుంటారు గానీ, బయటి ఎండకూ ఇంజిన్ లోపలి ఆయిల్ వేడికీ సంబంధం చాలా తక్కువ. చల్లగా నడిచే ఇంజిన్‌లో చిక్కటి ఆయిల్ అంటే పంపు దగ్గర్నుంచి బేరింగుల దాకా అన్నిచోట్లా వృథా రాపిడి.

మరి ఆ రోజు లైటు ఎందుకు వెలిగింది? దాన్ని తేల్చకుండా వాల్వు వేస్తే మళ్లీ అదే కథ. రేడియేటర్ ఫ్యాన్ చూశాం. ఒకసారి తిరుగుతోంది, ఒకసారి తిరగడం లేదు. వైరు పట్టుకుని వెళ్తే కనెక్టర్ ప్లాస్టిక్ సగం కరిగి, లోపల పిన్ను నల్లబడి ఉంది. హెడర్ వేసినప్పుడు ఫ్యాక్టరీ హీట్ షీల్డ్ తీసి పక్కన పెట్టారు, మళ్లీ బిగించలేదు. ఆ వేడికి కనెక్టర్ కరిగింది, ఫ్యాన్ ఆగింది, లైటు వెలిగింది, వాల్వు పోయింది, చిక్కటి ఆయిల్ వచ్చింది. మొదలు పెట్టింది హెడర్, తాగింది మాత్రం ఖాళీ హౌసింగ్.

కొత్త కనెక్టర్ వేసి, వైరును వేడికి దూరంగా తిప్పి కట్టాం. హెడర్‌కు షీల్డు చేయించాం. థర్మోస్టాట్, కొత్త కూలెంట్, మాన్యువల్ ప్రకారం పలచని ఆయిల్. వేరే ఏదీ ముట్టుకోకుండా బండి ఇచ్చేసి, ట్యాంకు లెక్క తెమ్మన్నాను. మీటరు తేడా సరిచేసుకుంటే 14.2 వచ్చింది.

ఒక్కొక్కటీ విడివిడిగా చేసి ఆగడం కస్టమర్‌కు చిరాకు. మూడు రోజులు బండి ఉంచేసుకుని అన్నీ ఒకేసారి చేసివ్వొచ్చుగా అంటారు. ఇవ్వొచ్చు. కానీ అప్పుడు దేనివల్ల ఎంత వచ్చిందో అతనికీ తెలీదు, నాకూ తెలీదు.

హెడర్ ఫ్లాంజ్

ప్లస్ 17 సంగతి. తెల్లవారుజామున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి చెవి పెడితే ముందువైపు నుంచి సన్నగా టిక్ టిక్ మని చప్పుడు. రెండు నిమిషాల్లో ఇనుము వేడెక్కి వ్యాకోచించగానే ఆగిపోతుంది. ట్యాపెట్ శబ్దమని చాలామంది వదిలేస్తారు. ట్యాపెట్ అయితే అంత త్వరగా మాయం కాదు. ఎగ్జాస్ట్ లీకు అలాగే ఉంటుంది.

ఇంజిన్ ఆపి, సైలెన్సర్ గొట్టంలో బ్లోయర్ పెట్టి గాలి కొట్టి, హెడర్ ఇంజిన్ హెడ్‌కు ఆనే చోట సబ్బు నీళ్లు చల్లాం. మూడో సిలిండర్ దగ్గర నురగ పొంగింది. విప్పి చూస్తే గ్యాస్కెట్ మీద అక్కడే నల్లటి మసి చార. ఇంజిన్ హెడ్‌కు ఆనించి బిగించే హెడర్ ఫ్లాంజ్ మీద స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి ఫీలర్ గేజ్ తోస్తే 0.3 మిల్లీమీటర్ల రేకు సునాయాసంగా దూరింది. వెల్డింగ్ చేసినప్పుడు వేడికి ఫ్లాంజ్ వంగింది, చదును చేయకుండానే అమ్మేశారు. నట్లు ఎంత బిగించినా ఆ సందు మూసుకోదు.

లీకు వల్ల పొగ బయటికే కదా పోయేది, మైలేజీకి ఏమిటి సంబంధం అని కుర్రాడి సందేహం. ఎగ్జాస్ట్ గ్యాసు నీళ్ల పైపులాగా ఒకే ధారగా రాదు, తెరలు తెరలుగా వస్తుంది. ఒక తెర వెళ్లాక వెనక క్షణకాలం ఒత్తిడి తగ్గుతుంది. ఆ క్షణంలో సందులోంచి బయటి గాలి లోపలికి లాగుతుంది. కిందనే ఉన్న ఆక్సిజన్ సెన్సర్‌కు ఆ గాలి తగులుతుంది. ఆక్సిజన్ ఎక్కువుంది, అంటే పెట్రోలు తక్కువైందని అది ఈసీయూకి చెబుతుంది. ఈసీయూ నమ్మి ఇంకా పోస్తుంది. ఇంజిన్‌లో అసలు మిశ్రమం సరిగ్గానే ఉన్నా, అబద్ధపు సాక్ష్యం విని పెట్రోలు పెంచుకుంటూ పోతుంది. ఐడిల్‌లో, తక్కువ లోడులో ఈ ప్రభావం ఎక్కువ. పొగ ప్రవాహం పెరిగే కొద్దీ తగ్గుతుంది. ఐడిల్‌లో 17 ఉన్నది హైవే మీద 12కి దిగడానికి కారణం అదే. ఆక్సిజన్ సెన్సరే పాడైందని ముందు చూసిన చోట కొత్తది కూడా వేశారట. వేసినా మారలేదు. మారదు కూడా, సెన్సర్ తనకు తగిలిన గాలి గురించి నిజమే చెబుతోంది.

పక్క వీధిలో లేత్ షాపుకు పంపి ఫ్లాంజ్ చదును చేయించాం. పొరలున్న మెటల్ గ్యాస్కెట్ వేసి, మధ్య నుంచి చివరలకు టార్క్ రెంచ్‌తో బిగించి, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించాం. ట్రిమ్ ప్లస్ 5కి వచ్చింది. పక్కన ఉన్న స్టాక్ స్విఫ్ట్‌లో ఎంతో ఇందులోనూ అంతే. తర్వాతి ట్యాంకుకు 15.2.

కోన్ ఫిల్టర్ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే అందరూ మొదట దాన్నే అనుమానిస్తారు. దానివల్ల మైలేజీ పెరగదు, పెద్దగా తగ్గదు. ఇంజెక్షన్ ఇంజిన్‌లో గాలి ఎంత వస్తే అంతకు తగ్గ పెట్రోలే ఈసీయూ పోస్తుంది. ఫిల్టర్ బాగా మూసుకుపోయిన ఆధునిక పెట్రోలు కార్లలో కూడా మైలేజీ చెప్పుకోదగ్గంత తగ్గలేదనీ, పికప్ మాత్రం తగ్గిందనీ అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లాబొరేటరీ 2009లోనే తేల్చింది. కార్బురేటర్ల కాలం నాటి జ్ఞానం ఇంకా చెలామణి అవుతోంది, అంతే. నేను ఆ కోన్ తీయించి ఫ్యాక్టరీ బాక్సు పెట్టించింది వేరే కారణానికి. బానెట్ కింద వేడి గాలి పీల్చి మధ్యాహ్నం ట్రాఫిక్‌లో బండి మొద్దుబారుతోంది, పైగా మన దుమ్ముకు ఆ ఫిల్టర్ సరిపోదు. ట్యాంకు లెక్కలో మార్పు సున్నా.

చక్రాల దగ్గర

ఇప్పుడు అందరూ తిట్టిన అల్లాయ్స్ వంతు. టైరుతో సహా తూకం వేస్తే ఒక్కో చక్రం పాతదానికన్నా దాదాపు అయిదు కిలోలు ఎక్కువ. తిరిగే బరువు కాబట్టి పికప్‌లో ఇది మామూలు బరువుకు దాదాపు రెట్టింపుగా లెక్కకొస్తుంది. సిటీలో సిగ్నల్ సిగ్నల్‌కూ ఆగి వెళ్లే బండికి ఇది తెలుస్తుంది. 120లో సింహభాగం హైవే మీద తిరిగే ఈ బండికి బరువు కంటే టైరు దొర్లడంలో ఉండే నిరోధం ముఖ్యం.

దాన్ని చూడటానికి నేను చేసేది కోస్ట్ డౌన్. అమరావతి సీడ్ యాక్సెస్ రోడ్డు మీద తెల్లవారుజామున, గాలి లేనప్పుడు, ముందూ వెనకా ఎవరూ లేరని చూసుకుని, 60లో న్యూట్రల్ చేసి 30కి పడటానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూడటం. అటూ ఇటూ రెండు దిక్కులా చేసి సగటు తీస్తాం. స్నేహితుడి స్టాక్ స్విఫ్ట్ 40 సెకన్ల పైన దొర్లింది. ఇది 33కే చతికిలపడింది. ఇంజిన్‌తో సంబంధం లేకుండా బండిని ఏదో వెనక్కి లాగుతోందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. జాకీ ఎత్తి చక్రాలు చేత్తో తిప్పితే బ్రేకులు పట్టేయడం లేదు. ముందు టైర్ల మీద అరచెయ్యి అడ్డంగా నిమిరితే మాత్రం ఒకవైపుకు నున్నగా, రెండోవైపుకు రంపం పళ్లలా గీసుకుంది. టో, అంటే ముందు చక్రాలు చూసే దిక్కు, తేడాగా ఉందనడానికి అది గుర్తు.

స్విఫ్ట్ ముందు సస్పెన్షన్ మెక్‌ఫర్సన్ స్ట్రట్. స్ప్రింగు కురచ చేసి బండిని దించితే కంట్రోల్ ఆర్మ్, స్టీరింగ్ రాడ్డు కోణాలు మారి టో తనంతట తనే మారిపోతుంది. స్ప్రింగులు వేసిన వాళ్లు అలైన్‌మెంట్ చేయకుండా పంపేశారు. రెండు చక్రాలూ చెరో దిక్కుకు లాగుతూ, మధ్యలో టైరు రోడ్డును రుద్దుకుంటూ వేల కిలోమీటర్లు తిరిగింది.

గాలి కొలిస్తే నాలుగు టైర్లలోనూ 26 పీఎస్ఐ. బండి దించాక గట్టిగా కొడుతోందని కుర్రాడే తగ్గించుకున్నాడట. ఇక్కడా అదే వరస. స్ప్రింగు ఇచ్చిన కుదుపును తట్టుకోడానికి గాలి తగ్గించాడు, గాలి తగ్గి టైరు నలుగుతూ పెట్రోలు తాగింది. అలైన్‌మెంట్ చేసి, చల్లని టైర్లలో 33 పెట్టించాం. కుదుపు గురించి గొణిగాడు. ఆ స్ప్రింగులకు తగ్గ షాక్ అబ్జార్బర్లు వేసుకోమన్నాను, ఖర్చు విని ఊరుకున్నాడు. కోస్ట్ డౌన్ 38 సెకన్లకు వచ్చింది, ట్యాంకు లెక్క 15.7కి.

సబ్ వూఫర్ డబ్బా, యాంప్లిఫయర్ కలిపి 30 కిలోలు. హైవే మీద నిలకడ వేగంలో ఆ బరువు పెద్ద లెక్కలోకి రాదు. సంగీతం మోత పెంచితే ఆల్టర్నేటర్ మీద లోడు పడుతుంది గానీ, మామూలుగా వినే స్థాయిలో సగటున వంద వాట్ల లోపే. వదిలేశాం. అది తీయమంటే కుర్రాడు నా షెడ్డు గడప మళ్లీ తొక్కడు.

సైలెన్సర్ మోత, వేగం

15.7 దగ్గర మెకానికల్‌గా చేయాల్సింది దాదాపు అయిపోయింది. అయినా అతనితో పక్క సీట్లో కూర్చుని ఏలూరు దాకా ఒకసారి వెళ్లాను, ఎందుకంటే స్కానర్ రికార్డులో వేగం ఎప్పుడూ 100, 105 దగ్గరే ఉంటోంది. మునుపు 90, 95లో వెళ్లేవాడినని అతనే చెప్పాడు. మరి ఇప్పుడెందుకు పెరిగింది?

గన్నవరం దాటాక అర్థమైంది. 80 నుంచి 90 మధ్య ఆ ఫ్రీ ఫ్లో సైలెన్సర్ లోపల భోరుమని మోగుతుంది. చెవుల్లో కాదు, పుర్రెలో మోగుతుంది. 100 దాటగానే హఠాత్తుగా సద్దుమణుగుతుంది. రోజూ రెండు గంటలు నడిపే మనిషి ఏం చేస్తాడు? మోత లేని వేగానికి వెళ్లిపోతాడు. అతనికి స్పీడు పిచ్చి లేదు, తెలియకుండానే కాలు అక్కడికి అలవాటు పడింది.

వేగం 80 నుంచి 100కి పెరిగితే ఎదురుగాలి నిరోధం 56 శాతం పెరుగుతుంది, అది వేగం వర్గంతో పాటు పెరిగే లెక్క. స్విఫ్ట్ లాంటి బండికి 80 దాటాక టైర్ల నిరోధం కంటే గాలి నిరోధమే ఎక్కువ. మనం టైర్ల దగ్గర కష్టపడి సంపాదించినదంతా అక్కడ ఖర్చయిపోతోంది.

సైలెన్సర్ మార్చమంటే ఒప్పుకోడని తెలుసు. మధ్య పైపులో మోత తగ్గించే రెజొనేటర్ ఒకటి వెల్డ్ చేయించాం. భోరు చాలావరకు చచ్చింది. 85 దగ్గర హాయిగా పాట వింటూ వెళ్లొచ్చు. రెండు ట్యాంకుల సగటు 16.9.

చట్టం సంగతి కూడా ఆ రోజే చెప్పాను, ఎవరికైనా చెబుతాను. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్లకు విరుద్ధంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణతో అనుమతి లేని ప్రతి మార్పుకూ అయిదు వేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. హెడర్, మోత సైలెన్సర్ ఈ కోవలోకే వస్తాయి. యాక్సిడెంటయితే ఇన్సూరెన్స్ సర్వేయరు మొదట చూసేవీ ఇవే. విన్నాడు. పాత సైలెన్సర్ ఇంట్లో దాచి ఉంచమని మాత్రం గట్టిగా చెప్పాను.

డబ్బు లెక్క, మిగిలిన లోటు

నెలకు ఇతను 2,800 కిలోమీటర్లు తిరుగుతాడు. 13.05 దగ్గర 215 లీటర్లు కాలేవి, 16.9 దగ్గర 166. అప్పటి ధర లీటరు 109 రూపాయల చొప్పున నెలకు అయిదు వేల పైచిలుకు తేడా. మేం చేసిన పనులన్నిటి ఖర్చు, లేత్ షాపుది కూడా కలుపుకుని, మూడు నెలల్లోపే తిరిగొస్తుంది.

16.9 వచ్చిందంటే స్టాక్ బండితో సమానమైపోయిందని అతను సంబరపడ్డాడు. కాదు. ఇప్పుడు అతను అప్పటికన్నా నెమ్మదిగా నడుపుతున్నాడు. ఇదే రోడ్డు మీద, ఇదే వేగంలో, ఇదే ఈ20తో స్నేహితుడి స్టాక్ స్విఫ్ట్ 18.5 ఇస్తోంది. ఆ ఒకటిన్నర పాయింటే ఈ మోడిఫికేషన్ల అసలు ఖరీదు. వెడల్పాటి స్పోర్ట్ టైర్లు, చక్రాల బరువు, డిక్కీలో డబ్బా. నెలకు పదిహేను లీటర్ల లోపు. బండి చూసుకుని మురిసిపోడానికి అది ఎక్కువా తక్కువా అన్నది అతని ఇష్టం, మెకానిక్ చెప్పాల్సింది కాదు. నాకు అభ్యంతరమల్లా అదనంగా కాలినదాంట్లో సగానికి పైగా పెట్రోలు ఎవరి ముచ్చటా తీర్చకుండా కాలిపోవడమే.

ఈ టైర్లు అరిగాక 195/55 ఆర్16 వేయమన్నాను, అదీ ఇంధనం తక్కువ తాగే రకం కాంపౌండ్ చూసి. దాని వ్యాసం 620.9, ఫ్యాక్టరీ సైజుకు మిల్లీమీటరున్నర కూడా తేడా లేదు. అల్లాయ్స్ అలాగే ఉంచుకోవచ్చు, మీటరు నిజం చెబుతుంది. టైరు దొర్లే నిరోధం పది శాతం తగ్గితే మైలేజీ ఒకటి రెండు శాతం పెరుగుతుంది, అంతకు మించి ఆశ పెట్టుకోవద్దని కూడా చెప్పాను.

ఇప్పుడు రీమ్యాప్, అంటే ఈసీయూలోని లెక్కలు మార్చి రాయడం, అడుగుతున్నాడు. పవరూ మైలేజీ రెండూ పెరుగుతాయని ఎవరో చెప్పారట. టర్బో లేని 1.2 ఇంజిన్‌లో రీమ్యాప్‌తో వచ్చే పవరు నామమాత్రం. హైవే మీద నిలకడగా వెళ్లేటప్పుడు మిశ్రమాన్ని నడిపేది ఎలాగూ ఆక్సిజన్ సెన్సరే, మైలేజీకి ఒరిగేది ఏమీ లేదు. ముందు ఆరు నెలలు తిరుగు, ప్రతి సర్వీసుకూ హెడర్ నట్లు బిగించి ట్రిమ్ రీడింగ్ రాసి పెడతాను, అది 5 దాటకుండా నిలబడితే అప్పుడు మాట్లాడదాం తమ్ముడూ అన్నాను.